కవబాత యసునారి: కథకుడి కన్నా ముందు కవి – తరచుగా అడిగే ప్రశ్నలు

జపాను నవలాకారుడు కవబాత యసునారి (1899–1972) పుస్తకం మొదటిసారి చదివినవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "చాలా బాగుంది గానీ, ఇందులో కథ ఏదీ?" ఆయన్ని ప్రధానంగా కవిగా చూడాలని, ఆయన నవలల్ని గొలుసు పద్యాల్లా చదవాలని మేం నమ్ముతాం. ఎందుకు నమ్ముతామో, అలా చదవడం ఎలాగో కింద వివరంగా రాశాం. తెలుగువాళ్లం చాలావరకు ఈ పుస్తకాల్ని ఇంగ్లీషులోనే చదువుతాం కాబట్టి, వెతుక్కోవడానికి వీలుగా ఇంగ్లీషు పేర్లే వాడాం.

కవబాత పద్యాలకు పేరుపడినవాడు కాదు కదా, కవి అని ఎలా అంటారు?

దీనికి ఆయనే జవాబు చెప్పాడు. రచయితల్లో చాలామంది యవ్వనంలో కవిత్వం రాస్తారు, తను మాత్రం కవిత్వానికి బదులు "అరచేతి కథలు" రాశానన్నాడు. అరచేతిలో పట్టేంత కథలన్నమాట. ఒక్కొక్కటి మహా అయితే రెండు మూడు పేజీలుంటుంది. ఇరవైల వయసులో మొదలుపెట్టి, ఇలాంటివి నూటికి పైగా రాశాడు. 1926లో వచ్చిన మొదటి పుస్తకం కూడా ఈ చిన్న కథల సంపుటమే. ఇంగ్లీషులో 1988లో వచ్చిన ఎంపికలో 70 కథలున్నాయి.

1924లో రాసిన ఒక కథ చూడండి. రాత్రిపూట పిల్లలు తాము చేసుకున్న కాగితపు లాంతర్లు పట్టుకుని గట్టు మీద పురుగుల కోసం వెతుకుతుంటారు. ఒక అబ్బాయి "మిడత ఎవరికైనా కావాలా?" అని అడుగుతాడు. పిల్లలు చాలామంది చేతులు చాపుతారు, వాడు ఇవ్వడు. ఒక అమ్మాయి వచ్చి అడిగాక ఆమెకిస్తాడు. తీరా చూస్తే అది మిడత కాదు, చిరుగంటలా కూసే కీచురాయి. కథంతా ఇంతే. లాంతరు కాగితాల్లో పిల్లలు తమ పేర్లు కత్తిరించి ఉంచారు. ఆ వెలుతురులో అబ్బాయి పేరు అమ్మాయి గుండె మీద ఆకుపచ్చగా, అమ్మాయి పేరు అబ్బాయి నడుము మీద ఎర్రగా పడ్డాయి. ఆ సంగతి వాళ్లిద్దరికీ తెలియదు, జీవితంలో ఎప్పటికీ తెలియదు. కథకుడైతే ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో చెప్పేవాడు. కవబాతకు ఆ రెండు పేర్లు చాలు.

నోబెల్ బహుమతి ఆయన కథనానికే ఇచ్చారు కదా?

అవును. 1968 నాటి ప్రశంసా వాక్యం ఆయన కథన నైపుణ్యాన్నే ముందు చెప్పింది. కానీ అదే డిసెంబరులో స్టాక్‌హోంలో ఆయన చేసిన ప్రసంగం చదవండి. నవలాకారుడు అంత పెద్ద వేదికెక్కి తన నవలల గురించి దాదాపు ఏమీ మాట్లాడలేదు. దోగెన్ అనే 13వ శతాబ్దపు బౌద్ధ గురువు పద్యంతో మొదలుపెట్టాడు: వసంతంలో పూలు, వేసవిలో కోకిల, శరత్తులో చంద్రుడు, శీతకాలంలో చల్లగా, స్వచ్ఛంగా మంచు. తర్వాత మ్యోఎ చంద్రుడి మీద చెప్పిన పద్యాలు, ర్యోకన్, ఇక్క్యు, సైగ్యో – అందరూ పూర్వకాలపు సన్యాసులే. జపాను సాహిత్యం గురించి చెప్పమంటే ఆయనకు తోచినవి పద్యాలే. తన నవల ప్రస్తావన వచ్చిన చోట కూడా దాన్ని ఎలా చదవకూడదో చెప్పాడు: 'థౌజండ్ క్రేన్స్'ను తేనీటి క్రతువు సౌందర్యానికి నివాళిగా చదివితే పొరపాటని, ఆ క్రతువు ఎంత దిగజారిందో చెప్పే హెచ్చరిక అదని.

కథ లేని నవల అనేది ఆయన సొంత ఆలోచనా?

కాదు. 1927లో అకుతగవ ర్యునొసుకె, తనిజకి జునిచిరో అనే ఇద్దరు రచయితలు పత్రికల్లో దీని మీదే వాదించుకున్నారు. నవలకు కథనిర్మాణమే ప్రాణమని తనిజకి పట్టుబట్టాడు. చెప్పుకోదగ్గ కథ లేని నవల కూడా ఉండొచ్చని, వచనంలో కవిత్వానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది అదేనని అకుతగవ అన్నాడు. ఆ జూలైలోనే అకుతగవ చనిపోయాడు కాబట్టి వాదన మధ్యలో ఆగిపోయింది. అకుతగవ ఊహించిన నవలకు పూర్తి స్థాయి నమూనా కవబాత పుస్తకాల్లోనే కనిపిస్తుందని మా అభిప్రాయం.

అంతకుముందే, 1924 అక్టోబరులో, యొకొమిత్సు రీచితో కలిసి కవబాత ఒక పత్రిక మొదలుపెట్టాడు. ఆ బృందానికి "నవ్య సంవేదనావాదులు" అని పేరొచ్చింది. 1925 మొదట్లో ఆ బృందం పద్ధతిని వివరిస్తూ ఆయన ఇచ్చిన ఉదాహరణ తప్పక గుర్తుపెట్టుకోవాల్సింది. "నా కన్ను ఎర్ర గులాబీని చూసింది" అని రాస్తే కన్నూ గులాబీ వేర్వేరు. కొత్త రచయిత "నా కన్నే ఎర్ర గులాబీ" అని రాస్తాడు. చూసేవాడు, చూసిన వస్తువు ఒకటైపోతాయి. పదేళ్ల తర్వాత రాసిన 'స్నో కంట్రీ' నవలలోని రైలు దృశ్యానికి ఇదే తాళంచెవి.

ఆ రైలు దృశ్యంలో ఏముంది?

సాయంత్రం రైల్లో షిమమురా అనే మనిషి కూర్చుని ఉంటాడు. తను కలవబోయే స్త్రీని ఇంకా గుర్తుంచుకున్నది తన ఎడమచేతి చూపుడువేలు ఒక్కటే అనిపిస్తుంది అతనికి. ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద ఆ వేలితో గీత గీస్తే, అందులో ఒక ఆడమనిషి కన్ను కనిపిస్తుంది. ఉలిక్కిపడతాడు. అది ఎదుటి వరసలో కూర్చున్న అమ్మాయి, యోకో, ప్రతిబింబం. బయట మునిచీకటి, లోపల దీపాలు, అందుకే కిటికీ సగం అద్దమైంది. అమ్మాయి ముఖంలోంచి వెనక కొండలు సాగిపోతుంటాయి. దూరంగా కొండ మీది దీపం ఒకటి ఆమె ముఖం మీదుగా జరుగుతూ వచ్చి సరిగ్గా కనుపాప మీదికి చేరుతుంది. కన్నూ దీపమూ ఒకటైపోయిన క్షణం అది.

మర్నాడు పొద్దున కొమకో అనే గెయిషా అద్దం ముందు కూర్చుంటుంది. ఈసారి అద్దంలో మంచు తెల్లగా మండుతుంటే, దాని నడుమ ఆమె ఎర్రటి బుగ్గలు. సాయంత్రపు అద్దం, ఉదయపు అద్దం, ఇద్దరు స్త్రీలు. కథ పరంగా వీటిని కలిపేది ఏమీ లేదు. ఒక దృశ్యం ఇంకో దృశ్యానికి బదులు పలికింది, అంతే. నవల మొత్తం ఇదే పద్ధతిలో నడుస్తుంది.

ఇది ముందే వేసుకున్న పథకమా?

పథకం లేదనే చెప్పాలి, మా వాదనకు బలమైన ఆధారం కూడా అదే. 1935 జనవరి సంచికకు ఒక పత్రికకు చిన్న కథ ఒకటి రాయడం మొదలుపెట్టాడు. గడువులోగా పూర్తి కాలేదు. గడువు ఇంకొన్ని రోజులున్న మరో పత్రికకు మిగతాది ఇచ్చాడు. మొదటి ముక్క పేరు "సాయంత్ర దృశ్యపు అద్దం", రెండోదాని పేరు "తెల్లని ఉదయపు అద్దం". తర్వాత ముక్కలు వేర్వేరు పత్రికల్లో వస్తూ పోయాయి. 1937లో పుస్తకం చేశాడు. 1940లో మళ్లీ కొనసాగించాడు. ఇప్పుడు మనం చదివే రూపం 1948 నాటిది. పదమూడేళ్లు పట్టిన ఈ నవల ఇంగ్లీషులో రెండు వందల పేజీలు కూడా ఉండదు.

దిద్దడంలో కూడా కవి చెయ్యే కనిపిస్తుంది. సొరంగం దాటగానే మంచుదేశం, రాత్రి అడుగు తెల్లబడింది అనే ప్రఖ్యాత ప్రారంభం పత్రికలో వచ్చినప్పుడు మొదట్లో లేదు. ఆ రచన తడి జుట్టును వేలితో తాకిన జ్ఞాపకంతో మొదలైంది. సొరంగం వాక్యం లోపలెక్కడో, ఒకే వాక్యంగా ఉండేది. పుస్తకం చేసేటప్పుడు దాన్ని ముందుకు తెచ్చి, రెండుగా విరిచాడు. ఆ విరుపులోనే ఊపిరి ఆగి మళ్లీ సాగుతుంది.

1972లో, చనిపోవడానికి కొద్ది నెలల ముందు, ఆయన ఇదే నవలను అరచేతి కథంత చేశాడు. పాఠకుడు ఒక్క కూర్చోవడంలో చదివేసేంత చిన్నదిగా. కథాక్రమం మీద నిలబడిన నవలను ఇలా కుదిస్తే సారాంశం మాత్రమే మిగులుతుంది. ఇది మాత్రం సొంత కాళ్ల మీద నిలబడింది.

గొలుసు పద్యాలంటే ఏమిటి? వాటికీ నవలకూ ఏం పోలిక?

రెంగా, దాని తర్వాతి రూపం హైకై – ఇద్దరు ముగ్గురు కవులు కూర్చుని వంతులవారీగా అల్లే పద్యమాల. 5-7-5 అక్షరాల పద్యం ఒకరు చెబితే, 7-7 ఇంకొకరు, మళ్లీ 5-7-5 మరొకరు. పాతకాలపు పూర్తి మాలలో 100 పద్యాలు. 17వ శతాబ్దపు కవి బషో కాలానికి 36 పద్యాల మాల వాడుకలోకి వచ్చింది, దాన్ని కసెన్ అంటారు. అందులో చంద్రుడు మూడుసార్లు, పూలు రెండుసార్లు రావాలి. అసలు నియమం వేరే ఉంది: ప్రతి పద్యం తన ముందు పద్యంతో మాత్రమే కలవాలి, దాని ముందుదానికి దూరం జరగాలి. వెనక్కి తిరగడం దోషం.

1690లో బషో, ఆయన శిష్యులు బొంచో, క్యొరై కలిసి అల్లిన మాలలో మొదటి మూడూ చూడండి. భావం మాత్రమే ఇస్తున్నాం.

బొంచో: ఊరి నడిబజారు, ఏవేవో వాసనలు, వేసవి చంద్రుడు.
బషో: ఉక్క, ఉక్కని గుమ్మం గుమ్మం దగ్గరా గొంతులు.
క్యొరై: రెండో కలుపు తీయకముందే వరి వెన్ను వేసింది.

రెండో పద్యంలో ఉక్కపోస్తోందంటున్నది బజారు జనం. మూడోది చేరేసరికి అవే గొంతులు పల్లె రైతులవైపోయాయి, పట్నం మాయమైంది. ఎండ ఎక్కువై పైరు తొందరపడిందని ఇప్పుడు అర్థమవుతుంది. కోస్తాలోనో తెలంగాణలోనో వరి పండించే ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ మూడో పద్యం విడమర్చి చెప్పక్కర్లేదు. కథ ముందుకు నడవలేదు. చూపు జరిగింది.

'ది సౌండ్ ఆఫ్ ది మౌంటెన్' ఇలాగే నడుస్తుంది. 1949 నుంచి 1954 వరకు ముక్కలుగా వేర్వేరు పత్రికల్లో వచ్చింది. మొత్తం 16 అధ్యాయాలు. వాటి పేర్లు వరసగా చదవండి: కొండ చప్పుడు, సికాడా పురుగు రెక్కలు, మబ్బుల మంట, చెస్ట్‌నట్ కాయలు, దీవి కల, శీతకాలపు చెర్రీ... ఇవి కథ మలుపులకు పెట్టే పేర్లు కావు. కామకురలో ఉండే అరవై రెండేళ్ల షింగొ ఒక రాత్రి కొండ చప్పుడు వింటాడు, చావు కబురేమో అనుకుంటాడు. ఇంకోచోట పొద్దుతిరుగుడు పూలు చూస్తూ, తల తీసి చాకలికి వేసినట్టు ఆసుపత్రికి ఇచ్చి, శుభ్రం చేసేదాకా హాయిగా పడుకుంటే ఎంత బాగుండును అనుకుంటాడు. కోడలు కికుకో, 'నో' అనే జపాను సంప్రదాయ నాటకంలో వాడే బాలుడి ముసుగు ముఖానికి పెట్టుకున్నప్పుడు దాని కిందనుంచి కన్నీళ్లు కారతాయి. కొడుకు వివాహేతర సంబంధం, కూతురి విఫలమైన కాపురం, ఇవి కథావస్తువులే గానీ నవల్ని నడిపేది వాటి పరిష్కారం కాదు. అవి దాదాపు పరిష్కారమే కావు.

ఒక జాగ్రత్త. కవబాత రెంగా నియమాలు ముందు పెట్టుకుని నవల రాయలేదు. ప్రతి అధ్యాయంలో చంద్రుడెక్కడ, పువ్వెక్కడ అని లెక్కలు వేస్తే అనవసరపు శ్రమ. ముక్క ముక్కగా రాసే అలవాటు, దేశ సంప్రదాయంలో ఇంకిపోయిన చెవి, ఈ రెండూ కలిసి ఇచ్చిన ఫలితం ఇది.

హైకూ లాంటి నవల అంటే సరిపోదా?

'స్నో కంట్రీ' ఇంగ్లీషు అనువాదకుడు ఎడ్వర్డ్ సైడెన్‌స్టికర్ తన ముందుమాటలో హైకూ సంప్రదాయాన్నే ప్రస్తావించాడు. ఒక్కో దృశ్యానికి ఆ మాట సరిపోతుంది. కానీ హైకూ ఒంటరిగా నిలబడే పద్యం. నవలలో మనల్ని పేజీ తిప్పించే శక్తి దృశ్యానికీ దృశ్యానికీ మధ్య ఉన్న ఖాళీలో ఉంది. అందుకే మేం గొలుసు పద్యం అంటాం.

ఏ క్రమంలో చదవాలి? ఎలా చదవాలి?

ముందు అరచేతి కథలు రోజుకు ఒకటి, మించితే రెండు. ఒక్కసారే పది చదివితే ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుని అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒక పదిహేను కథలయ్యాక 'ది ఇజు డాన్సర్' (1926) చదవండి. చిన్నది, ప్రయాణ కథ కాబట్టి దారి తప్పే ప్రమాదం లేదు. తర్వాత 'స్నో కంట్రీ', ఆ తర్వాత 'ది సౌండ్ ఆఫ్ ది మౌంటెన్'. 'థౌజండ్ క్రేన్స్' ఆఖరున. మొదటిసారి చదివేవాళ్లు 'ది హౌస్ ఆఫ్ ది స్లీపింగ్ బ్యూటీస్'తో మాత్రం మొదలుపెట్టొద్దు. దాని ఉక్కిరిబిక్కిరి లోకం తక్కిన కవబాత మీద కూడా నీడ వేసేస్తుంది.

చేతిలో పెన్సిలు ఉంచుకోండి. మూడే గుర్తులు.

1. రుతువును చెప్పే మాట కనబడ్డ చోట అడ్డగీత. 'స్నో కంట్రీ'లో చిమటలు గుడ్లు పెడుతున్నాయంటే శరత్తు వచ్చినట్టు.
2. మళ్లీ మళ్లీ వచ్చే వస్తువు చుట్టూ సున్నా. 'థౌజండ్ క్రేన్స్'లో షినో అనే జపాను రకపు మట్టి గిన్నె అంచున లిప్‌స్టిక్ మరకలాంటి ఎర్ర చార, షినో నీళ్ల కూజా, ఒకావిడ పుట్టుమచ్చ. మనుషుల కన్నా ఈ వస్తువులే కథను మోస్తాయి.
3. కారణం చెప్పకుండా దృశ్యం మారిన చోట పక్కన చుక్క. పుస్తకం అయ్యాక చుక్కల దగ్గరికే తిరిగి రండి. అటూ ఇటూ ఉన్న వాక్యాల్లో ఏ రంగు, ఏ శబ్దం, ఏ వెలుతురు రెండిట్లోనూ ఉందో వెతకండి. లంకె అక్కడే దొరుకుతుంది.

విడత విడతగా చదవండి. ఒక విడతకు ఇరవై పేజీలు. ఈ పుస్తకాలు పత్రికల్లో నెలల వ్యవధితో వచ్చాయని మరిచిపోవద్దు.

పాఠకులు ఎక్కువగా ఎక్కడ తడబడతారు?

కాలక్రమం దగ్గర. 'స్నో కంట్రీ'లో షిమమురా కొమకో ఉండే ఊరికి మూడుసార్లు వస్తాడు: మేలో, డిసెంబరులో, మరుసటి శరత్తులో. నవల మొదలయ్యేది రెండో రాకతో. మొదటిది జ్ఞాపకంగా మధ్యలో వస్తుంది, ఎక్కడ వేరైందో గీత గీసి చెప్పడు. కొమకో వేళ్ల మీద లెక్కపెట్టి తాము కలిసి ఇది 199వ రోజంటుంది, మే 23 నుంచి. ఈ లెక్క పట్టుకుంటే ముందు భాగమంతా కుదురుకుంటుంది.

రెండోది, షిమమురానే కవబాత అనుకోవడం. షిమమురా తాను ఎన్నడూ చూడని పాశ్చాత్య బ్యాలే మీద వ్యాసాలు రాసే తండ్రి సొమ్ము తినే సోమరి. కొమకో ఏళ్ల తరబడి చదివిన నవలల వివరాలు నోటుపుస్తకాల్లో రాసుకుంటుంటే, వృథా శ్రమ అనేస్తాడు. రచయిత మనసు ఎవరి వైపు ఉందో ఆ దృశ్యం నిదానంగా చదివితే తెలుస్తుంది.

మూడోది ముగింపు కోసం ఎదురుచూడడం. సినిమా వేస్తున్న పట్టుగూళ్ల గోదాము తగలబడుతుంది, పాలపుంత షిమమురా లోపలికి జారినట్టవుతుంది, పుస్తకం ఆగిపోతుంది. 'ది సౌండ్ ఆఫ్ ది మౌంటెన్' చివర షింగొ తోటలో వేలాడే కాయల గురించి కోడలికేదో చెబుతాడు, గిన్నెల చప్పుడులో ఆమెకు వినబడదు. పేజీలు చిరిగిపోయాయా అని అనుమానించేవాళ్లున్నారు. మాలలో చివరి పద్యం కథ ముగించదు, వంతు ఆగిపోతుంది, అంతే.

ఇంగ్లీషులో చదివితే ఏం పోతుంది?

జపనీసు వాక్యానికి కర్త లేకపోయినా నడుస్తుంది. సొరంగం వాక్యంలో బయటికొచ్చింది రైలో, మనిషో, పాఠకుడో చెప్పలేదు. ఇంగ్లీషులో రైలు అని పెట్టక తప్పలేదు. తెలుగువాళ్లకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. మనమూ కర్త లేకుండా హాయిగా మాట్లాడతాం. గందరగోళంగా అనిపించిన ఇంగ్లీషు పేరాను మనసులో తెలుగులోకి తిప్పుకుని, "అతను", "ఆమె" తీసేసి చూడండి. చాలాచోట్ల బిగుతు సడలుతుంది.

ఈ వాదనకు అడ్డం తిరిగే పుస్తకం లేదా?

ఉంది, 'ది మాస్టర్ ఆఫ్ గో'. 1938 జూన్ 26న మొదలై డిసెంబరు 4న ముగిసిన గో (నలుపు తెలుపు రాళ్లతో ఇద్దరు ఆడే బల్ల ఆట) పోటీని ఆయన పత్రికకు నివేదించాడు. వృద్ధ మాస్టర్ షుసై ఒకవైపు, యువకుడు కితని మినోరు ఇంకోవైపు. ఒక్కొక్కరికీ 40 గంటల ఆలోచనా సమయం. కితని 5 పాయింట్లతో గెలిచాడు. నవలలో కితనికి ఒతకె అని పేరు మార్చాడు. నల్లరాళ్లవాడి 121వ ఎత్తును కవరులో మూసిపెట్టి వాయిదా వేయడం మీద రేగిన అసంతృప్తిని, దాని తర్వాత ఆట మారిన తీరును ఆయన చెప్పిన పద్ధతి చూస్తే ఉత్కంఠ కట్టడం రాని మనిషి కాడని తెలుస్తుంది. అందుకే "కథ చెప్పడం చేతకాక కవిత్వం చేశాడు" అనే మాటను మేం ఒప్పుకోం. చేతనై కూడా పక్కన పెట్టాడు. ఈ పుస్తకంలో సైతం మాస్టర్ చావును మొదట్లోనే చెప్పేసి, ఎవరు గెలుస్తారన్న కుతూహలాన్ని తనే చంపుకున్నాడు.

కవి అనేస్తే ఆయన లోపాలు కప్పిపుచ్చినట్టు కాదా?

అలా వాడుకునేవాళ్లు ఉన్నారు, అది తప్పే. ఆయన పుస్తకాల్లో మగవాడు చూస్తాడు, స్త్రీ కనిపిస్తుంది. మత్తుమందుతో నిద్రపుచ్చిన అమ్మాయిల పక్కన ముసలివాళ్లు పడుకునే 'ది హౌస్ ఆఫ్ ది స్లీపింగ్ బ్యూటీస్' నవలలో ఇది పరాకాష్ఠకు చేరింది. కన్నూ గులాబీ ఒకటే అన్న పద్ధతికి ఇదొక మూల్యం: చూసేవాడిలో కరిగిపోయే మనిషికి సొంత గొంతు మిగలదు. కొమకో దీనికి ఎదురు నిలుస్తుంది. తాగొచ్చి గదిలో పడి, ఏడ్చి, తిట్టి, షిమమురా కట్టుకున్న అందమైన దృశ్యాన్ని పదే పదే చెడగొడుతుంది. ఆయన సృష్టించిన స్త్రీలలో ఆమెను అందరికన్నా పైన ఉంచుతాం.

వచనాన్ని కవిత్వమనడం అతిశయోక్తి కాదా?

ఇది మన దగ్గర కొత్త మాట కాదు. "గద్యం కవీనాం నికషం వదంతి" అన్నారు, వచనమే కవికి గీటురాయి అని. బాణుడి కాదంబరి గద్యమే అయినా దాన్ని కావ్యమనడానికి ఎవరూ తటపటాయించలేదు. తేడా ఒకటుంది. బాణుడు సమాసం మీద సమాసం పేర్చి పెంచుతాడు, కవబాత తీసేస్తూ పోతాడు.

పక్కన పెట్టుకుని చదవదగ్గవి?

పైన చెప్పిన పద్యమాల 1691లో వచ్చిన 'సరుమినో' సంకలనంలో ఉంది, ఇంగ్లీషులో 'మంకీస్ రెయిన్‌కోట్' పేరుతో దొరుకుతుంది. పద్యానికీ పద్యానికీ లంకె ఏమిటో వివరించే వ్యాఖ్య ఉన్న ప్రతినే తీసుకోండి, ఒట్టి పద్యాలున్నదైతే ఉపయోగం తక్కువ. 36 పద్యాల మాల ఒకటి పూర్తిగా చదివి, అదే వారంలో 'స్నో కంట్రీ' మొదటి ఇరవై పేజీలు మళ్లీ చదవండి.